పంతొమ్మిది రేడియోలు

జూన్ పదిహేడున ఉదయం తొమ్మిదింటికి హైమవతి మూలరేవుపేట ఇసుకలో బల్ల వేయించుకుని కూర్చుంది. బల్ల మీద ఒక పక్క పంతొమ్మిది ఫోన్లు, ఇంకో పక్క ఖాళీ అట్టపెట్టె ఉన్నాయి. పేటలో పడవలు పంతొమ్మిది. పడవకొక రేడియో. రేడియో పెట్టెలో పెట్టినవాడికి ఫోను ఇస్తారు.

వేట నిషేధం ముగిసి మూడు రోజులైంది. గంగమ్మ పూజలో పడవకు పెట్టిన బొట్టే రేడియోకూ పెడతారు అక్కడ. పెట్టెలోకి వచ్చిన రేడియోలన్నిటికీ బొట్లున్నాయి.

హైమవతి విశాఖలో ఒక ఫోన్ల కంపెనీ పరిశోధనశాలలో ఇంజనీరు. వయసు నలభై మూడు. పక్కన లాబ్ టెక్నీషియను పైడిరాజు ఒక్కో రేడియోకు చీటీ అంటించి, నంబరు వేసి, పడవ యజమాని పేరు రాస్తున్నాడు.

గరికిన దానయ్య తన రేడియోను తువ్వాల్లో చుట్టి తెచ్చాడు. కొని ఇరవై రెండేళ్లయింది. వెనక మూత ఊడిపోకుండా సైకిలు ట్యూబు కోసి చుట్టాడు. దాన్ని బల్ల మీద పెట్టాడు గానీ చెయ్యి తియ్యలేదు.

"ఇదెందుకు ఇచ్చీయాలమ్మా? రెండూ ఉంటే ఏటి నష్టం?"

"రెండూ పక్కపక్కన ఉంటే మా కొలతలు చెడతాయి దానయ్యగారూ. రేడియో వినడమే కాదు, తనూ కాస్త సణుగుతుంది. మన చెవికి తెలీదు, ఫోనుకు తెలుస్తుంది. పరీక్ష అయ్యాక ఎవరిది వాళ్లకి ఇచ్చేస్తాను."

"ఎప్పుడయిపోద్ది?"

"అక్టోబరు పదిహేను."

దానయ్య భార్య గురమ్మ వెనక నిలబడి ఉంది. "అది ఇచ్చీత్తే ఈ మనిషికి నిద్దరట్టదమ్మా. నా పక్కన కన్నా దాని పక్కనే ఎక్కువ తొంగున్నాడు."

ఆడవాళ్లు నవ్వారు. "నోర్ముయ్యే," అని దానయ్య చెయ్యి తీశాడు. "అమ్మ సదువుకున్న మనిసి. మాటిచ్చింది. రాసుకోండి. గరికిన దానయ్య."

పైడిరాజు మీట తిప్పి చూశాడు. రేడియో పలికింది. నాలుగో నంబరు చీటీ అంటించాడు.

చోడిపల్లి ఎర్రయ్య తెచ్చిన రేడియో పలకలేదు.

"బేటరీలు అయిపోనాయండి," అన్నాడు ఎర్రయ్య.

పైడిరాజు మూత తీశాడు. "కొత్త బ్యాటరీలే ఉన్నాయి గదా."

"అయితే అలిగినట్టుంది. మీ ఊరు తీసికెల్లి బుజ్జగించండి."

ఫోను తీసుకుని వెళ్లిపోయాడు. అతనిది పదకొండో నంబరు. దాని గురించి హైమవతి ఆలోచించలేదు. ఆమెకు కావలసింది పడవల్లో ఇంకో రేడియో లేకపోవడం.

ఫోనులో ఎఫ్ఎం రేడియో కొత్తగా చేర్చాల్సిన వస్తువు కాదు. ఫోను నడిచే చిప్పులోనే ఆ రిసీవరు ఉంటుంది. కంపెనీ తొమ్మిదేళ్లుగా దాన్ని ఆపి అమ్ముతోంది. ఎందుకు ఆపారని హైమవతి ప్రతి ఏటా సమీక్షలో అడిగేది. ఏరియల్ లేదు కాబట్టి అని జవాబు. ఒకప్పుడు చెవిలో పెట్టుకునే వైరే ఏరియల్‌గా పనిచేసేది. ఆ వైరు గుచ్చే కన్నాన్ని కంపెనీయే పూడ్చింది. పూడ్చింది కాబట్టి ఏరియల్ లేదు, ఏరియల్ లేదు కాబట్టి రేడియో లేదు.

ఫిబ్రవరిలో ఆమె ఆ సాకు తీసేసింది. ఎఫ్ఎం తరంగం పొడవు మూడు మీటర్లు. అందులో సగం, సుమారుగా మనిషి ఎత్తు. ఫోను చుట్టూ ఉన్న లోహపు అంచును రిసీవరుకు కలిపి, పట్టుకున్న మనిషి ఒంటిని బట్టి సెకనుకు నలభైసార్లు తనను తాను సర్దుకునేలా ఒక ప్రోగ్రాం రాసింది. ఫోన్ను బల్ల మీద పెట్టింది. బుస వినిపించింది. చేతిలోకి తీసుకుంది. విశాఖ స్టేషనులో ఎవరో వంకాయ సాగు గురించి చెబుతున్నారు.

"పైడిరాజూ, నా చెయ్యి పట్టుకో."

పైడిరాజు మొహమాటపడ్డాడు. బల్ల మీది స్టీలు స్కేలు తీసి ఒక కొస ఆమెకిచ్చి, రెండో కొస తను పట్టుకున్నాడు. గొంతు పెద్దదైంది. ట్యూన్ చేస్తే రాజమండ్రి అవతలి స్టేషను కూడా అందింది.

"దేవుడు ముందే ఏరియల్ చేసి పెట్టాడు మేడమ్," అన్నాడు పైడిరాజు. "మనం వైరు కోసం వెతుక్కున్నాం."

మూలరేవుపేట ఇసుకలో ఆమె ఇదే చేసి చూపించింది. దానయ్య చేతిలో ఫోను పెట్టి, గురమ్మను అతని చెయ్యి పట్టుకోమంది.

"ముప్పై ఏళ్ల కితం పట్టుకున్నాను. ఏటి లాబం?" అని గురమ్మ పట్టుకుంది. పాట గట్టిగా వినిపించింది. పక్కనున్నవాళ్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. పదకొండు మంది అయ్యేసరికి ఒరియా పాట వచ్చింది.

"ఒడ్డు దాటాక గొంతు సన్నబడితే చేతులు కలపండి," అని చెప్పింది హైమవతి. "చేతులు తడిగా ఉంటే ఇంకా మంచిది. ఉప్పునీళ్లయితే మరీ మంచిది. ఇదొక్కటి గుర్తుంచుకోండి చాలు."

వాళ్లు గుర్తుంచుకున్నారు.

పరీక్ష పదహారు వారాలకు పైగా జరిగింది. ఫోను సెల్ టవర్లకు అందే దూరం ఒడ్డు నుంచి పదిహేను కిలోమీటర్లు. రేడియో ఒక్క మనిషికి నలభై ఐదు కిలోమీటర్ల దాకా, ఐదుగురికి డెబ్బై దాటి పలికింది. సముద్రం సంగతి రేడియోలో చెప్పే వేళలు పేటలో అందరికీ నోటికి వచ్చు. ఆ వేళకు పడవలో ఉన్నవాళ్లు వల వదిలి చేతులు కలిపి నిలబడేవారు. ఆగస్టులో హైమవతి పేటకు వెళ్లినప్పుడు దానయ్య అదే చెప్పాడు.

"మా బామ్మరిది ఎప్పుడూ నాతో తగువేనమ్మా. ఇప్పుడు రోజుకు మూడుసార్లు సెయ్యి పట్టుకోక తప్పడం లేదు. తగువు తీరిపోనాది."

"తీరలేదు. ఆయన సెయ్యి పిసికీత్తన్నాడు," అన్నాడు బామ్మరిది.

"పిసికితేనే బాగా వినిపిస్తాది. అమ్మ సెప్పింది."

"నేను చెప్పలేదు," అంది హైమవతి. దానయ్య నవ్వాడు.

ప్రతి ఫోనూ ఒక పట్టిక రాసుకునేది. ఏ వేళకు ఎంత తరంగం అందింది, ఎంత సర్దుకోవలసి వచ్చింది. వారానికోసారి ఫోన్లు ఒడ్డుకు చేరినప్పుడు ఆ పట్టికలు లాబ్‌కు వచ్చేవి. సర్దుబాటు అంకె నిలకడగా ఉండకపోవడం హైమవతి గమనించింది. అది ఊపిరితో కదిలేది. నాడితో కదిలేది. ఎంతమంది చేతులు కలిపారో, వాళ్లలో ఎవరి గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో ఆ అంకెల్లోంచి విడదీయవచ్చు. ఆమెకు అది చికాకు. తన నివేదికలో ముప్పై ఎనిమిదో పేజీ అడుగున, ఇది వడపోయవలసిన మలినం అని రెండు వాక్యాలు రాసింది.

పదకొండో పడవ అంకెలు మాత్రం మొదటి నుంచీ చెడిపోయి వచ్చాయి. పక్కన ఏదో సణుగుతున్నట్టు. ఫోను లోపమనుకుంది. పట్టికలో పదకొండో వరుసను కొట్టేసింది.

అక్టోబరు మూడున కంపెనీలో సమావేశం జరిగింది. ఏ ఫోనులో ఏముండాలో నిర్ణయించే కమలాకర్ ఆమె నివేదికను తెర మీద వేశాడు. వేసింది ముప్పై ఎనిమిదో పేజీ. అడుగున ఉన్న రెండు వాక్యాలకు పసుపు రంగు పూసి ఉంది.

"అద్భుతం మేడమ్," అన్నాడు. "మీరేం కనిపెట్టారో మీకు తెలిసినట్టు లేదు."

"రేడియో పనిచేస్తుందని కనిపెట్టాను."

"రేడియో సంగతి చూద్దాం. వినేవాడెవడో తెలియదు. ఎంతసేపు విన్నాడో తెలియదు. పాట స్టేషనువాడిది, గాలి దేవుడిది, చెవి వినేవాడిది. మధ్యలో మనం ఎవరం? అలాంటి వస్తువు మనమెందుకు ఇవ్వాలి?"

"తుఫాను వస్తే టవర్లు పడిపోతాయి. రేడియో పడిపోదు. సముద్రంలో అసలు టవరే లేదు."

"సముద్రంలో మన కొనుగోలుదారులు ఎంతమంది?" అని కమలాకర్ బల్ల చుట్టూ చూశాడు. ఒకరిద్దరు నవ్వారు. "రిసీవరు ఉంచుదాం. ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. శబ్దం తీసేద్దాం."

"శబ్దం లేని రేడియో ఎందుకు?"

"అది రేడియో కాదు మేడమ్. స్టేషనువాడు ఊరంతా తరంగం చల్లుతున్నాడు, ఉచితంగా. ఆ తరంగం మనిషి ఒంట్లోంచి మన ఫోనులోకి వస్తోంది. పట్టుకున్నవాడికి నాడి ఎంతో, నిద్రపోయాడో లేదో, పక్కన చెయ్యి పట్టుకున్నది ఎవరో మనకు తెలుస్తుంది. బీమా కంపెనీలు వరసలో నిలబడతాయి."

"వాళ్లను అడగద్దా?"

"అడుగుతాం. రేడియోకు అనుమతి ఇస్తారా అని అడుగుతాం. ఎవరైనా కాదంటారా?"

హైమవతి నీళ్లు తాగింది. గ్లాసు కింద పెట్టి, పరీక్షలో ఉన్న పంతొమ్మిది ఫోన్ల సంగతి అడిగింది.

"మీ పరీక్ష పదిహేనున అయిపోతుంది కదా. పదహారున అప్‌డేట్ వెళ్తుంది. అన్ని ఫోన్లతో పాటే."

పదిహేనో తేదీ పొద్దున్నే జీపు కావాలని ఆమె ఆ మధ్యాహ్నమే రాసిచ్చింది. పెట్టెలో రేడియోలు లెక్క చూసుకుంది. సమావేశంలో ఇంకేమీ అనలేదు. ఆనాటి మినిట్స్‌లో ఎవరి అభ్యంతరమూ లేదు.

పదకొండో తేదీ ఉదయం పదీ ఇరవైకి ఆమె బల్ల మీది ఫోను పలకలేదు. రోజూ ఆ వేళకు వార్తలు పెట్టుకుంటుంది. చేతిలోకి తీసుకుంది. బుస కూడా లేదు. లోపలి అంకెలు తెరిచి చూస్తే తరంగం నిండుగా అందుతోంది. మనుషులు ఒకరు, నాడి డెబ్బై రెండు.

కమలాకర్‌కు ఫోను చేసింది.

"పండగ అమ్మకాల ముందే వెళ్తే మంచిదని అప్‌డేట్ నిన్న సాయంత్రం వదిలారు మేడమ్. మెయిల్ పెట్టాం కదా."

ఆ మెయిల్ మూడు వందల నలభై మందికి వెళ్లింది. అందులో ఏడో అంశం అది.

గురమ్మకు చేసింది.

"తెల్లారగట్ల ఎల్లిపోనారమ్మా. మా ఆయనా, ఎర్రయ్యా. రెండు పడవలే. మిగతావోళ్లు వల బాగుసేసుకుంతన్నారు. ఎల్లినోళ్లు రేపొత్తారు."

"అక్కడ ఆకాశం ఎలా ఉంది?"

"మబ్బేసింది. గాలి తిరిగింది. ఫర్వానేదమ్మా, మీరిచ్చిన రేడియో ఉంది గదా. సెప్తాది."

హైమవతి తీరంలో మత్స్యశాఖ నంబరుకు చేసింది. వాయుగుండం తుఫానుగా మారిందని, సాయంత్రానికి తీరం దగ్గర గాలి తొంభై కిలోమీటర్లు దాటుతుందని అక్కడి మనిషి చెప్పాడు. రెండు పడవలు సముద్రంలో ఉన్నాయని చెప్పింది.

"రేడియోలో గంటగంటకీ చెబుతున్నామండీ. పడవలన్నీ వెంటనే ఒడ్డుకు రావాలని. విని వచ్చేస్తారు."

వాళ్ల రేడియోలు తన దగ్గరున్నాయని చెప్పింది. "పడవ నంబర్లు చెప్పండి," అన్నాడు. తీర రక్షకులకు కబురు వెళ్లింది. మధ్యాహ్నం రెండు గంటలకు ఒక నౌక బయల్దేరింది. అప్పటికే సముద్రం ఎత్తుగా ఉంది.

హైమవతి పెట్టెను జీపులో వేయించుకుని పేటకు బయల్దేరింది. పైడిరాజు వెనక సీట్లో పెట్టెను పట్టుకుని కూర్చున్నాడు. వంతెన దగ్గర పోలీసులు ఆపారు. దిగి నడిచారు.

మూడూ నలభైకి ఎర్రయ్య పడవ ఒడ్డుకు కొట్టుకుంది. నలుగురూ దిగారు. ఒకటీ ఐదుకు రేడియోలో చెప్పారని, వల కోసేసి తిరిగామని ఎర్రయ్య చెప్పాడు.

"ఏ రేడియోలో?" అని అడిగింది హైమవతి. "నీది పదకొండో నంబరు. నా దగ్గరుంది."

ఎర్రయ్య తల దించుకున్నాడు. "అది సచ్చిపోయిన రేడియో అమ్మా. మా మావది. మంచిది వలల కింద దాసీసినాను. మీ ఫోను బాగానే సెప్పీది. కానీ ఒక్కదాన్ని నమ్ముకుని ఎల్లడం మాకలవాటు నేదు. తప్పే. పరీచ్చ పాడయిపోయిందా?"

గురమ్మ ఎర్రయ్య భుజం పట్టుకుని ఊపింది. "మా ఆయనేడిరా?"

"పొద్దున్న సూసినాను. తూరుపుకెల్లినాడు. దానయ్య నాకన్నా ముందే తిరిగిపోయుంటాడనుకున్నాను. రేడియో మాట మీద తిరగనోడు కాడు గదా."

పదమూడున దానయ్య పడవ తిరగబడి ఉత్తరాన నలభై కిలోమీటర్ల దూరంలో కనిపించింది. ఐదుగురిలో ఇద్దరి శవాలు దొరికాయి. దానయ్య దొరకలేదు. పడవ అడ్డకర్రకు తాడుతో కట్టిన ప్లాస్టిక్ సీసా ఒకటి ఉంది. మూత గట్టిగా బిగించి ఉంది. అందులో ఫోను తడవలేదు. అది కంపెనీ ఆస్తి కాబట్టి లాబ్‌కు వచ్చింది.

హైమవతి తలుపు వేసుకుని పట్టిక తెరిచింది.

పదకొండో తేదీ, ఒంటిగంటా ఐదు నిమిషాలు. ఒడ్డు నుంచి అరవై ఎనిమిది కిలోమీటర్లు. తరంగం సన్నగా అందింది. మనుషులు ఒకరు. ఒక నిమిషం తర్వాత ఇద్దరు. ఆ తర్వాత ముగ్గురు. ఒకటీ తొమ్మిదికి ఐదుగురు. ఐదుగురు కలిసేసరికి తరంగం నిండిపోయింది. లాబ్‌లో కూడా అంత బాగా ఎప్పుడూ అందలేదు. హెచ్చరిక మొత్తం, మొదటి మాట నుంచి చివరి మాట దాకా, ఫోనులోకి వచ్చింది. శబ్దం గడిలో సున్నా.

ఒకటీ ఇరవై ఏడు దాకా ఐదుగురు. ఆ తర్వాత ఒకరు.

రెండు గంటలకు మళ్లీ ఐదుగురు. పంతొమ్మిది నిమిషాలు. అందింది. సున్నా.

మూడూ ఐదుకు మళ్లీ ఐదుగురు. ఈసారి ఇరవై ఆరు నిమిషాలు. నాలుగు నాడులు నూటపది దాటాయి. ఒకటి మాత్రం అరవై నాలుగు దగ్గరే ఉంది. అది ఎవరిదో పట్టికలో లేదు. మూడూ ముప్పై ఒకటికి మనుషులు సున్నా. ఎవరో ఫోన్ను సీసాలో పెట్టి మూత బిగించారు.

ఆమె రెండోసారి చదివింది. గొంతు సన్నబడిందని వాళ్లు అనుకున్నారు. గొంతు సన్నబడితే ఏం చెయ్యాలో ఆమె చెప్పింది. అదే చేశారు. మూడుసార్లు చేశారు. తుఫాను ఉంటే రేడియో చెప్పేదే కదా అనుకుని ఉంటారు. దానయ్య ఆ మాట విననిదే పడవ తిప్పే మనిషి కాదని ఆమెకు తెలుసు. ఒకటీ ఐదుకు తిరిగిన ఎర్రయ్య ఒడ్డుకు చేరాడు.

హైమవతి ఆ మూడు వేళలనూ ఒక కాగితం మీద రాసుకుంది.

ఇరవై నాలుగున కమలాకర్ భోజనానికి పిలిచాడు. బీమా కంపెనీ నుంచి ముగ్గురు వచ్చారు. కంపెనీ మేడ మీద, కిటికీలోంచి సముద్రం కనిపించే గదిలో బల్ల వేశారు. రొయ్యల వేపుడు వడ్డించారు. తెర మీద ఒక గ్రాఫ్ ఉంది. పేరు, ఊరు, తేదీ తీసేశారు. ఐదు రంగుల్లో ఐదు గీతలు. హైమవతి ఆ గీతలను గుర్తుపట్టింది.

"డెబ్బై కిలోమీటర్ల దూరం," అన్నాడు కమలాకర్. చేతిలో రొయ్య ఉంది. దానితోనే తెర చూపించాడు. "కదిలే పడవ. తడి చేతులు. చుట్టూ ఉప్పునీరు. ఐదుగురి గుండెలనూ విడివిడిగా పట్టింది. ఒత్తిడి పెరిగేకొద్దీ ఇక్కడ చూడండి, ఈ నాలుగు గీతలూ ఎలా లేచాయో. ఇంతకన్నా కఠినమైన పరీక్ష లాబ్‌లో పెట్టలేం."

"ఈ ఆకుపచ్చ గీత లేవలేదేం?" అని అడిగాడు వచ్చినవాళ్లలో ఒకాయన.

"కొందరికి భయం ఉండదు సార్. అలాంటివాళ్లకు ప్రీమియం తగ్గించవచ్చు."

ఆయన తలూపి నిమ్మచెక్క పిండుకున్నాడు. హైమవతి కుర్చీలోంచి లేచింది. కమలాకర్ ఆమెను తలుపు దాకా సాగనంపాడు. చెయ్యి తుడుచుకుని ఒక కాగితం ఇచ్చాడు.

"వచ్చే నెల రెండున ఆ ఊళ్లో విచారణ ఉందట. ఇంజనీరు సంతకం కావాలి. ఒక్క వాక్యమే."

కాగితం మీద ఉన్నది ఇది: ఘటన జరిగిన ప్రాంతంలో రేడియో ప్రసారం పరికరానికి అందలేదు.

"అందింది," అంది హైమవతి.

"వాళ్లకు అందలేదు కదా. అర్థం ఒకటే."

"గ్రాఫ్ మీద అందింది, కాగితం మీద అందలేదా?"

"గ్రాఫ్ వేరే గదిలోది మేడమ్." గొంతు తగ్గించాడు. "రేడియోలు తీసుకున్నది మీరు. రసీదుల మీద సంతకం మీది. చేతులు కలపమని చెప్పింది మీరు. ఈ వాక్యం నాకన్నా మీకే అవసరం. ఆలోచించుకోండి."

అతను చెప్పినది నిజం. ఆమె ఆలోచించుకుంది. తొమ్మిది రోజులు కాగితం ఆమె సంచిలోనే ఉంది.

నవంబరు రెండున పేటలోని తుఫాను షెల్టరులో తాసిల్దారు విచారణ జరిపాడు. కుర్చీలు ఆరు. మిగతావాళ్లు నేల మీద కూర్చున్నారు. చనిపోయినవాళ్ల ఇళ్ల ఆడవాళ్లు ముందు వరసలో ఉన్నారు. కంపెనీ వకీలు లేచి, ఆ దూరంలో ప్రసారం అందదని, తుఫాను దైవాధీనమని, ఇంజనీరు సంతకంతో నివేదిక ఇస్తామని చెప్పాడు. హైమవతి వైపు చెయ్యి చాపాడు.

ఆమె సంచిలోంచి ఆ కాగితం తీసి, సంతకం లేకుండానే అతనికిచ్చింది. ఆ తర్వాత నలభై ఒక్క పేజీల పట్టిక తీసి తాసిల్దారు ముందు పెట్టింది.

"అందింది," అంది. "మూడుసార్లు అందింది. వేళలు గుర్తుపెట్టాను. పడవల్లోంచి రేడియోలు తీసుకున్నది నేను. శబ్దం తీసేస్తున్నారని ఎనిమిది రోజుల ముందే నాకు తెలుసు. పదిహేనో తేదీ దాకా వ్యవధి ఉందనుకుని ఊరుకున్నాను. అదీ రాసుకోండి."

"వీరు ఈ ఉదయం నుంచి మా ఉద్యోగి కారు," అన్నాడు వకీలు.

"రాసుకుంటున్నాను," అన్నాడు తాసిల్దారు. ఎవరి మాట రాసుకుంటున్నాడో చెప్పలేదు. మొదటి పేజీ తిప్పాడు. చాలాసేపు చదివాడు. వకీలు బయటికి వెళ్లి ఫోనులో మాట్లాడాడు. షెల్టరు కిటికీలోంచి అతని నవ్వు ఒకసారి వినిపించింది.

హైమవతి ముందు వరసలోకి వెళ్లి గురమ్మ ఎదుట నేల మీద కూర్చుంది. పైడిరాజు పెట్టెలోంచి నాలుగో నంబరు తీసిచ్చాడు. సైకిలు ట్యూబు అలాగే ఉంది. బొట్టు కాస్త చెరిగింది. హైమవతి దాన్ని గురమ్మ ఒళ్లో పెట్టింది. గురమ్మ దాన్ని చూసింది, మీట తిప్పలేదు.

"అమ్మా, నాకు సదువు రాదు," అంది గురమ్మ. "ఆ కాయితాల్లో ఏటుందో ఒక్క మాట సెప్పు. ఆ ఫోను ఇన్నాదా?"

"వింది."

"తుపానొత్తందని ఇన్నాదా?"

"మొత్తం వింది."

"మావోళ్లు సేతులు కలిపినారా?"

"మూడుసార్లు కలిపారు. ఐదుగురూ."

గురమ్మ రేడియో మీద చెయ్యి వేసింది.

"మరి సెప్పలేదేటి?"

హైమవతి ఆమె చెయ్యి పట్టుకుంది. "దానికి నోరుండేది గురమ్మా. మేం తీసేశాం."

గురమ్మ చెయ్యి విడిపించుకుంది. ఆ చేతిని చీర కుచ్చిళ్లకు ఒకసారి తుడుచుకుంది. తిప్పి చూసుకుని, మళ్లీ తుడుచుకుంది.